కల్తీలేని గాలి

రేవుపాలెం రాతిగుడిలో ఆర్గాను వాయించేది కృపావతి టీచరు. దానికి గాలి కొట్టేది ఆమె భర్త నూకరాజు. పెళ్ళయిన నాటి నుంచీ వాళ్ళ ఆదివారం అంతే, మారలేదు.

గుడి అంటే చర్చే. దొరల కాలంలో నల్లరాయితో కట్టారు కాబట్టి ఊరందరికీ అది రాతిగుడి. లోపల బలిపీఠానికి ఎడమపక్కన ఆర్గాను ఉంటుంది. దాని గొట్టాలు పొడుగూ పొట్టీగా, పెళ్ళిఫొటోకి సర్దుకుని నిలబడ్డ చుట్టాల్లా ఉంటాయి. మీటలు నొక్కినంత మాత్రాన అది పలకదు. వెనక ఒక ఇరుకు గది ఉంది. అందులో మంచమంత తోలుతిత్తి, దానికో పొడుగాటి కర్ర. ఆ కర్రను ఎవరో ఒకరు దించుతూ లేపుతూ ఉంటే తిత్తి నిండుతుంది. తిత్తిలోని గాలి గొట్టాల్లోకి ఎక్కుతుంది. అప్పుడు ఇవతల మీట నొక్కితే పాట వస్తుంది.

మోటారు పెడదామని ఒకప్పుడు పెద్దలు అనుకున్నారు. నూకరాజు అప్పుడు కరెంటాఫీసులో లైన్‌మన్. "కరెంటు సంగతి నన్నడగండి బాబూ. ఆదివారం పొద్దున్న దాన్ని నమ్ముకున్నారంటే మీ పాట సగంలోనే ఉండిపోద్ది" అని ఆయనే చెప్పాడు. చెప్పి, ఆయనే కర్ర పట్టుకున్నాడు.

నూకరాజుది నూకాలమ్మను కొలిచే ఇల్లు. ఏటా అమ్మవారి పండక్కి కోడిని తీసుకుని బయల్దేరతాడు. కృపావతి కూడా రమ్మని ఆయన ఏనాడూ పిలవలేదు. మా దేవుణ్ణి నమ్ముకోమని ఆవిడా అడగలేదు. ఆదివారం మాత్రం ఇద్దరూ కలిసి వస్తారు. ఆవిడ ముందు కూర్చుంటుంది, ఆయన చెక్కగోడ వెనక నిలబడతాడు. ఒకరికొకరు కనబడరు. అయినా ఆమె చరణం ఎత్తుకునే ముందు వేళ్ళు ఆపే ఆ రెప్పపాటులో, వెనక కర్ర కూడా ఆగి, ఆమెతోపాటే కదిలేది. కాపురం ఎలా సాగుతోందమ్మా అని ఎవరైనా అడిగితే ఆమెకు ముందు ఆ రెప్పపాటే గుర్తొచ్చేది.

ఇలా ఉండగా సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చారు. పేరు జ్ఞానప్రకాశం. ఆహార కల్తీ శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే నాడు, ఆ రసం గిన్నెను వెలుతురుకి ఎత్తిపట్టి చూసి మరీ తాగేవారు.

ఒక ఆదివారం పాస్టరు దీనబంధుగారు, దేవుడు మట్టిబొమ్మలోకి ఊపిరి ఊదిన సంగతి మీద ప్రసంగం చేశారు. చేస్తూ చేస్తూ మాట వరసకి, "మన ఆర్గాను కూడా ఊపిరి పోస్తేనే బతుకుతుంది కదా" అన్నారు. అందరూ తలలూపారు. జ్ఞానప్రకాశంగారు మాత్రం ఊపలేదు. ముందు బెంచీలో నిటారుగా కూర్చుని, చెక్కగోడ వైపు చూశారు. పాలవాడి బిందె వైపు చూసే చూపు అది.

ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. కృపావతిని పిలిపించారు.

"టీచరుగారూ, ఈ వాద్యమునందు వినియోగిస్తున్న ముడిసరుకు ఏమిటి?" అని అడిగారు జ్ఞానప్రకాశంగారు.

"ముడిసరుకు ఏముంటుందండీ, గాలే."

"ఆ గాలి ఉత్పత్తికి బాధ్యులెవరు?"

"మా ఆయన."

"వారు ఈ సంఘంలో సభ్యులా?"

ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఆయనింటికి స్తంభం మీంచి వైరు లాగింది నూకరాజే. కాని ఇన్‌స్పెక్టరు కొట్లోకి అడుగుపెట్టాక, కొట్టువాడు బావమరిదైనా సరే పేరు అడగాల్సిందే.

"కాదండీ" అంది కృపావతి.

"బాప్తిస్మం?"

"లేదండీ."

"మరి ప్రతి ఆదివారం గుడికి ఎందుకు వస్తున్నట్టు?"

"గాలి కొట్టడానికండీ."

జ్ఞానప్రకాశంగారు మిగతా పెద్దల వైపు తిరిగారు. "విన్నారుగా. ఇన్నేళ్ళుగా మనం దేవుడి సన్నిధిలో అవిశ్వాసి ఉత్పత్తి చేసిన గాలిని, లేబులు మార్చి, స్తుతిగీతం పేరుతో సరఫరా చేస్తున్నాం."

పాస్టరుగారు మెత్తని మనిషి. చివర ఎవరు మాట్లాడితే వాళ్ళతో ఏకీభవిస్తారు. ఆ రోజు చివర మాట్లాడింది జ్ఞానప్రకాశంగారు. ఆరాధనయందు వినియోగించబడు వాయువు సంపూర్ణ సభ్యత్వము గల విశ్వాసి హస్తముచే మాత్రమే ఉత్పత్తి కావలెనని తీర్మానమైంది.

కృపావతి ఇంటికి వచ్చేసరికే కబురు చేరిపోయింది. నూకరాజు వంటింట్లో పులుసుకి చింతపండు పిసుకుతున్నాడు.

"ఏటీ, నా గాలి బాగోలేదంటనా?"

"గాలికేం, బాగానే ఉందట. మీరే బాగోలేరట."

"బాప్తిస్మమని ముంచితే మునిగేస్తాను కృపా. సముద్రంలో ఎన్నిసార్లు మునగలేదు? ఇంకోసారి పాస్టరుగారు పట్టుకుని ముంచితే ఏటి పోద్ది?"

"కర్ర కోసం మునిగితే అది స్నానం అవుతుందండీ. అది నేను అడగను, మీరు చెయ్యొద్దు."

నూకరాజు పిప్పి అయిపోయిన చింతపండునే ఇంకా పిసుకుతూ నిలబడ్డాడు. "మరి ఆదివారం పొద్దున్న నానేటి సెయ్యాలి?" అన్నాడు.

ఆ ఆదివారం తనేం చెయ్యాలో కూడా కృపావతికి తెలియలేదు.

మరుసటి ఆదివారం కర్ర పట్టుకోవడానికి టింబరు డిపో దేవవరంగారు ముందుకొచ్చారు. సంఘపెద్దల్లో కండ ఉన్న మనిషి ఆయనొక్కరే. "పుట్టిందగ్గర్నుంచీ కలప మధ్యనే ఉన్నాను, కర్ర ఎత్తడం నాకొకరు నేర్పాలా?" అని చొక్కా చేతులు మడిచి గదిలోకి వెళ్ళారు. నూకరాజు బయట ప్రహరీగోడ మీద కూర్చున్నాడు.

మొదటి కీర్తన ఎత్తుకోగానే ఆర్గాను రేవులో ఓడ కూత పెట్టినట్టు అరిచింది. ముందు వరుసలోని పసిపిల్లలు జడుసుకున్నారు. సంఘమంతా గొంతు చించుకుని ఆ ఎత్తుని అందుకునే లోపలే దేవవరంగారికి రొప్పు వచ్చింది. రెండో చరణంలో పాట మేకపిల్ల అరుపులోకి దిగిపోయింది. మూడో చరణంలో గొట్టాల్లోంచి గాలికి బదులు "ప్రభువా, ప్రభువా" అని దేవవరంగారి గొంతు వినబడింది.

వెనక బెంచీలో కూర్చునే సలోమమ్మ, ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన ముసలావిడ, గట్టిగా అంది. "పాస్టరుగారూ, పెద్దపెట్టెకి ఆయాసం వచ్చినట్టుంది. కాసేపు కూకోబెట్టి మంచినీళ్ళియ్యండి."

జనం నవ్వారు. జ్ఞానప్రకాశంగారు నవ్వలేదు. ఆరాధన అయ్యాక గొట్టాల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కదాని మీదా ముక్కు ఆనించి వాసన చూశారు.

"ఎండుచేపలు" అన్నారు చివరికి. "ఉత్పత్తిదారుడిని శుద్ధి చేశాం. సరుకు ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు. తప్పు అక్కడుంది."

వాయుశుద్ధి ఉపసంఘం ఏర్పడింది. గుడి కిటికీలన్నిటినీ తనిఖీ చేసింది. తూర్పు కిటికీల గుండా ఎండుచేపల దిబ్బ గాలి వస్తున్నది. దక్షిణ కిటికీల గుండా సారాకొట్టు గాలి వస్తున్నది. పడమటి కిటికీ ఎదుట మిరపకాయ బజ్జీల బండి ఉన్నది, ఆ బండివాడు ఏ మతస్థుడో విచారించవలసి ఉన్నది. ఇవన్నీ గుడిలో చేరి, చెక్కగోడ సందుల్లోంచి తిత్తిలోకి దూరి, స్తుతిగా బయటికి వస్తున్నవి.

"మరి గాలి ఎక్కడి నుంచి తేవాలండీ?" అని కృపావతి అడిగింది. ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"విశ్వాసుల నుంచి" అన్నారు జ్ఞానప్రకాశంగారు. "ఆరాధనకు ముందు కిటికీలు, తలుపులు మూయాలి. తరువాత లోపల ఉండే గాలి అంటారా, అది సభ్యులు పీల్చి వదిలినది. అంటే ఒకసారి విశ్వాసి గుండెల్లోంచి వడకట్టబడినది. వాద్యానికి అదే వెళ్ళాలి."

పాస్టరుగారు ఆలోచనలో పడ్డారు. "వినడానికి ఆత్మీయంగానే ఉంది" అన్నారు.

కిటికీల సందుల్లో గుడ్డపేలికలు కుక్కి, మైదాపిండి జిగురుతో కాగితాలు అంటించారు. ఆర్గాను చుట్టూ బెంచీల్లో ప్రభువు బల్లలో పాలుపంచుకునే సభ్యులు కూర్చోవాలి. వాళ్ళ వెనక బాప్తిస్మం మాత్రమే తీసుకున్నవాళ్ళు. పిల్లలు, చుట్టంచూపుగా వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర, ముఖం అవతలికి తిప్పి. ఆలస్యంగా వచ్చినవాళ్ళు బయటి గాలిని వెంట తెస్తారు కాబట్టి వాళ్ళు వరండాలోనే. ఇక లోపలికి వచ్చే ప్రతివారి నోటిని గుమ్మం దగ్గర జ్ఞానప్రకాశంగారే స్వయంగా పరీక్షిస్తారు.

"ఆ అనండి" అన్నారు ఆయన సలోమమ్మను.

సలోమమ్మ "ఆ" అంది.

ఆయన ఒకడుగు వెనక్కి వేశారు. "చుట్ట కాల్చారా?"

"కాల్చాను. అడ్డపొగ. ఇదిగో, ఇలాగ, నిప్పు నోట్లోకి పెట్టి."

"దేవుని వాద్యంలోకి పొగాకు పంపుదామనా?"

"ఓలమ్మ! నువ్వు పుట్టి ఊపిరి తియ్యకపోతే, ఈ నోటితోనే కదరా నీ నోట్లో గాలూదాను? ఆ పొద్దు చుట్ట వాసన రాలేదేటి నీకు?"

వెనకున్న జనం పక్కకు తిరిగి నవ్వుకున్నారు. జ్ఞానప్రకాశంగారు ఒక్క క్షణం తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు, అక్కడ ఇంకా ఏమైనా మిగిలి ఉందేమో అన్నట్టు. తర్వాత తేరుకుని ఆమెను వరండాకి పంపించారు.

అది మే నెల. తలుపులు మూసిన కాసేపటికి గుడి ఇడ్లీపాత్ర అయింది. ప్రసంగం మొదలయ్యేసరికి ముందు బెంచీల్లో ముఖ్య సభ్యులు ఒకరి భుజం మీద ఒకరు వాలుతున్నారు. ఎవరైనా విసనకర్ర తీస్తే, "విసరకండి, పొరలు కలిసిపోతాయి" అని జ్ఞానప్రకాశంగారు సైగ చేస్తున్నారు. పాస్టరుగారు నరకం గురించి చెప్పదలచుకోలేదు కాని, నోట్లోంచి అదే వచ్చింది.

కృపావతి చేతుల చెమటకి మీటలు జారుతున్నాయి. ప్రసంగం తర్వాతి కీర్తన ఎత్తుకుంది. ఒక గట్టి శబ్దం వచ్చింది, తర్వాత సన్నగా, సన్నగా, ఇంకా సన్నగా అయి ఆగిపోయింది. చెక్కగోడ వెనక ఏదో బస్తా పడ్డ చప్పుడైంది.

"దేవవరంగారు!" అని ఆమె లేచి అరిచింది.

ఆ అరుపు విని ప్రహరీగోడ మీంచి నూకరాజు దూకాడు. పడమటి కిటికీని భుజంతో ఒక్క తోపు తోశాడు. కాగితాలు, పేలికలు, మైదాపిండితో సహా రెక్కలు విడిపోయాయి. బజ్జీల వాసనతో గాలి లోపలికి పడింది. విశ్వాసులందరూ ఒక్కసారి నోళ్ళు తెరిచారు. నూకరాజు దేవవరంగారిని రెండు చేతులతో ఎత్తి వరండాలోకి తెచ్చి పడుకోబెట్టాడు. సలోమమ్మ ఆయన ముఖం మీద నీళ్ళు కొట్టి, చుట్ట ముట్టించుకుంది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. దేవవరంగారు కోలుకున్నారు కాని రాలేదు. ఇప్పటికైనా కిటికీలు తెరుస్తారని కృపావతి అనుకుంది. జ్ఞానప్రకాశంగారు అలా అనుకోలేదు.

"నా సర్వీసులో ఒక అనుభవం" అన్నారు ఆయన. "ఒక నూనెమిల్లు ఉండేది. ఎన్ని సార్లు శాంపిలు తీసినా కల్తీయే. చివరికి మిల్లుకి సీలు వేశాను. ఆ రోజు నుంచి ఆ మిల్లు నూనెలో చుక్క కల్తీ లేదు. ఇప్పుడు మనకూ అదే మార్గం."

"అంటే ఆర్గాను ఆపేస్తామా?" పాస్టరుగారు బెంగగా అడిగారు. "ఆరాధనలో దాని పాత్ర..."

"ఆపమని నేననలేదు. పాత్రకు భంగం కలగదు. గాలి సరఫరా మాత్రమే నిలిపివేయబడుతుంది. టీచరుగారు యథాప్రకారం వాయిస్తారు. సంఘము వారి చేతులు చూచి పాడుతుంది. శబ్దం అనేది వాద్యానికి అనుబంధం మాత్రమే."

పాస్టరుగారికి అదీ సబబుగానే తోచింది. తిత్తిగది తలుపుకు గొలుసు వేసి, తాళం పెట్టి, తాళం మీద ఎర్రలక్కతో ముద్ర వేశారు. జ్ఞానప్రకాశంగారు ఆ లక్క వెలిగించినప్పుడు ఆయన ముఖంలో పాత రోజుల కళ కనబడింది.

ఆ పై ఆదివారం కృపావతి ఆర్గాను ముందు కూర్చుంది. వాయించింది. టకటకమని మీటల చప్పుడు తప్ప ఏమీ లేదు. గుడి టైపు ఇన్‌స్టిట్యూట్‌లా ఉంది. ముందు బెంచీలవాళ్ళు ఆమె చేతులు చూసి పాడారు, వెనక బెంచీలవాళ్ళు ముందు బెంచీలవాళ్ళ తలకాయలు చూసి పాడారు. వరండాలోవాళ్ళు సలోమమ్మ చప్పట్లను బట్టి పాడారు. మూడు గుంపులూ కీర్తనను మూడు చోట్ల ముగించాయి. కృపావతికి ఏడుపొచ్చింది. ఒక చరణం ముందు అలవాటుగా వేళ్ళు ఆపింది. వెనక ఏదీ ఆగలేదు, ఏదీ కదలలేదు.

ఇంటికి వెళ్ళాక నూకరాజు అడిగాడు. "ఇంక ఎందుకే వెళ్ళడం? సప్పుడే లేదు కదా."

"కమిటీ వాళ్ళు ఆలోచిస్తున్నారండీ" అంది కృపావతి. "వాళ్ళు ఆలోచించడం మొదలుపెడితే మధ్యలో ఆపరు. చూద్దాం, ఎంతదాకా పోతుందో."

అది మరీ దూరం పోలేదు. దొరల కాలపు నియమావళిలో ఒక నిబంధనను జ్ఞానప్రకాశంగారే వెతికి పట్టారు. వాద్యము వాయించబడునంత సేపు తిత్తి సహాయకుడు విధిగా హాజరై ఉండవలెను. ఆ ప్రకారం చూస్తే జరిగిన ఆరాధన చెల్లదు. కమిటీ మళ్ళీ కూర్చుంది. సహాయకుడిగా ఎవరుంటారని అడిగితే ఒక పెద్దకు మోకాళ్ళ నొప్పి వచ్చింది, ఇంకొకరికి అప్పటికప్పుడు షుగరు పెరిగింది. దేవవరంగారైతే ఆర్గాను మాటెత్తగానే మంచినీళ్ళు అడిగారు.

గోడవార నిలబడ్డ కృపావతి మెల్లగా అంది. "అయ్యా, ఒక సందేహమండీ."

"సెలవియ్యండి."

"సహాయకుడికి సభ్యత్వం ఉండాలన్నది, అతను ఉత్పత్తి చేసే గాలిని ఉద్దేశించే కదండీ?"

"నిస్సందేహంగా."

"ఇప్పుడు ఉత్పత్తి లేదు కదండీ."

"లేదు. సీలు నేనే వేశాను."

"మరి గాలి ఉత్పత్తి చేయని సహాయకుడి వలన కల్తీ జరిగే అవకాశం ఉందాండీ?"

జ్ఞానప్రకాశంగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన మనసులో చట్టం సెక్షన్ల వారీగా నడుస్తున్నట్టు కనుబొమ్మలు కదిలాయి. గదిలో అందరూ ఆయన కనుబొమ్మల వంకే చూశారు. కృపావతి చీరకొంగు వేలికి చుట్టుకుని బిగించింది.

"సరుకు లేని కొట్టు మీద కల్తీ కేసు నిలవదు" అన్నారు ఆయన కళ్ళు తెరిచి. "చెప్పండి, మీ దృష్టిలో ఎవరున్నారు?"

"మా ఆయన ఖాళీగానే ఉన్నారండీ."

పాస్టరుగారు వెంటనే ఏకీభవించారు. నూకరాజును గాలిరహిత తిత్తి సహాయకుడిగా నియమించారు. ఒక్క చిక్కు మిగిలింది. ఆయన ఎక్కడ హాజరుగా ఉండాలి? తిత్తిగదికి సీలు ఉంది. సీలు తీయడమంటే సరఫరాను పునరుద్ధరించడమే. వరండాలో ఉంటే హాజరు కింద రాదు. సహాయకుడు వాద్యమునకు చేతికందు దూరమున ఉండవలెనని నియమావళి చెబుతోంది.

"టీచరుగారూ, తమరు కూర్చునే బల్ల మీద చోటు ఏమైనా ఉన్నదా?"

"సర్దుకుంటామండీ" అంది కృపావతి.

ఆదివారం నూకరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చి, అందరి ఎదుటా ఆమె పక్కన కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు గోడ అవతల ఉండి గాలి కొట్టాడు కాని, ఆమె వేళ్ళు ఎలా పరిగెడతాయో ఆయన చూడటం అదే మొదలు. నోరు తెరుచుకుని చూశాడు.

సంచీ తిప్పి కానుకలు పట్టే సమయంలో ఎవరూ పాడరు. ఆర్గాను ఒక్కటే వాయించాలి. గుడి నిశ్శబ్దంగా ఉంది. కృపావతి మీటల మీద వేళ్ళు పెట్టింది. ఏ కీర్తన వాయించినా ఒకటే అని తోచింది. ఏది వాయించినా ఒకటే అయినప్పుడు కీర్తనే ఎందుకని కూడా తోచింది. పెళ్ళికి ముందు టూరింగు టాకీసులో వాళ్ళిద్దరూ చూసిన సినిమాలో ఒక వెన్నెల పాట ఉంది. అది మొదలుపెట్టింది. దేవుడికి వినబడుతుందేమోనని ఒక్క క్షణం భయపడింది. వినబడితే మాత్రం ఏం, ఈ గుడిలో ఆయనకి వినడానికి ఇంకేముంది కనుక అనుకుంది.

పల్లవి సగంలో మీటల టకటకకి నూకరాజు కాలు తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగాడు. "పడవలో ఆ పిల్ల ఎనక్కి తిరిగి సూస్తాది, అదేనా?"

"ష్. కానుకలు పడుతున్నారు."

"అదేనా, కాదా?"

ఆమె చరణం ముందు వేళ్ళు ఆపింది. ఆయన కాలు కూడా ఆగింది. ఆమె ఎత్తుకుంది, ఆయన కాలు ఎత్తుకుంది. కృపావతికి నవ్వు, కన్నీళ్ళు రెండూ ఒకేసారి వచ్చి ముఖమంతా వెలిగిపోయింది.

ఆరాధన అయ్యాక జ్ఞానప్రకాశంగారు తిన్నగా వాళ్ళ దగ్గరికి వచ్చారు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. 

"టీచరుగారూ, నా ఉద్యోగ జీవితంలో శుద్ధమైన సరుకును ఒకే ఒక్కసారి చూశాను. అది ఈ రోజే" అన్నారు ఆయన. "కానుకల వేళ మీ ముఖాన కనిపించిన భక్తిని కమిటీ గమనించింది. ఈ పదార్థంలో రవంత కల్తీ లేదు. అది ఏ కీర్తనో సెలవిస్తారా?"

"కీర్తనల పుస్తకంలో దానికి సంఖ్య లేదండీ. పాత పాట."

"ఏదైనా సరే. ఇకమీదట ప్రతి ఆదివారం కానుకల సమయమున తప్పనిసరిగా అదే వాయించవలెనని ఇప్పుడే తీర్మానించాం."

ఆయన వెళ్ళిపోయారు. నూకరాజు బల్ల మీద కూలబడి, మీటల వైపు కాస్త దిగులుగా చూశాడు.

"పై వారానికి ఇంకోటి వాయించమందామనుకున్నాను కృపా. ఆ వానపాట."

"అది సువార్త చదివే ముందు వాయిస్తాలెండి" అంది కృపావతి. "ఇది మాత్రం తప్పదు. కమిటీ తీర్మానం."